పెద్దరికానికి పొజెషన్ లెటర్ రాదు

రాజధానిలో చాలామంది తమ జీవితం ఇంకా మొదలుకాలేదన్నట్టే రోజులు గడిపేస్తుంటారు. ఎదిగిన మనిషికి దక్కే ఫలాలు మాత్రం ఏ తేదీ కోసమూ ఆగవు.

ఢిల్లీలో అందరూ ఎక్కువగా వాడేది భవిష్యత్ కాలమే. రిజల్ట్ వచ్చాక పెళ్లి. ఫ్లాట్ చేతికొచ్చాక అమ్మానాన్నల్ని పిలిపించుకోవడం. ప్రమోషన్ వచ్చాక సెలవు. పిల్లాడి ప్లస్ టూ అయ్యాక ఎప్పుడో ఆపేసిన సంగీతం. రిటైరయ్యాక సొంతూరు. కరోల్‌బాగ్ అద్దె గదిలోనూ, నోయిడాలో పద్దెనిమిదో అంతస్తులోనూ, ఆర్కే పురం సర్కారీ క్వార్టర్‌లోనూ వినిపించే భాషలు వేరు కావచ్చు గానీ మాట మాత్రం ఒక్కటే: ‘అది అయ్యాక ఇది’. ముప్పై దాటినవాళ్లు, జీతం తెచ్చుకునేవాళ్లు, పన్ను కట్టేవాళ్లు, ఓటేసేవాళ్లు కూడా తమ అసలు జీవితానికి ఇంకా ముహూర్తం కుదరలేదన్నట్టు మాట్లాడతారు.

దీన్ని బద్ధకమనో, పగటికలలనో కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ నగరానికి వచ్చినవాళ్లలో అత్యధికులు ఏదో ఒకటి సాధించడానికే వచ్చారు. సాధించాలంటే కొన్నిటిని వాయిదా వేయక తప్పదు. చిక్కంతా వాయిదా అలవాటుగా, అలవాటు స్వభావంగా మారినప్పుడే. అప్పుడు మనిషికి వయసు వస్తుంది గానీ, ఆ వయసు తెచ్చిపెట్టినవి చేతికందవు. చిన్నప్పుడు ప్రతి ఒక్కరూ ‘పెద్దయ్యాక’ అంటూ కలగన్న స్వేచ్ఛలు తలుపు తట్టి, ఎవరూ పలక్కపోవడంతో వెనుదిరుగుతాయి.

పాత రాజిందర్ నగర్‌నే తీసుకోండి. దేశ విభజన శరణార్థుల కోసం వెలసిన ఈ కాలనీ ఇప్పుడు సివిల్స్ అభ్యర్థుల మజిలీ. తెలుగు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకు ఇక్కడ ఇడ్లీ దొరుకుతుంది, మాట కలిపే తోటివాళ్లూ దొరుకుతారు. దొరకనిది తీరికే. జనరల్ అభ్యర్థికి గరిష్ఠ వయసు 32, ప్రయత్నాలు ఆరు. ఓబీసీలకు 35, తొమ్మిది. ఎస్సీ, ఎస్టీలకు 37; ఆ వయసు దాటేవరకు ఎన్నిసార్లయినా రాయవచ్చు. 21వ ఏట మొదలయ్యే ఈ దారిలో నిబంధనలు ఒప్పుకున్నంత కాలం కూర్చుంటే యవ్వనంలో ఒక దశాబ్దం చెల్లు. ఇంతా చేస్తే, షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్ నుంచి వెలువడే తుది జాబితాలో ఎన్ని పేర్లుంటాయి? 2023 పరీక్షకు 1,016. 2024 పరీక్షకు 1,009. రాసేవాళ్లు లక్షల్లో.

ఫలితం వచ్చాకే జీవితం అనుకుంటే, ఆ లక్షల మందిలో దాదాపు అందరికీ జీవితం లేనట్టే అన్నమాట. నిజానికి ఆ ఏళ్లలో ప్రతి ఒక్కరూ బతికే ఉన్నారు. సొంతంగా వంట నేర్చుకున్నారు, ఇంటి యజమానితో అద్దె బేరమాడారు, జ్వరమొచ్చిన రూమ్మేట్‌కు కాపలా కాశారు, రాజ్యాంగం మొదలు వాతావరణం దాకా మామూలు పట్టభద్రుడు తిరగెయ్యని పుస్తకాలు తిరగేశారు. ఇదంతా ఎదగడం కాకపోతే మరేమిటి? కానీ ఊరి నుంచి ఫోన్ చేసే అమ్మ ‘తిన్నావా నాన్నా’ తర్వాత అడిగే రెండో ప్రశ్న రిజల్ట్ గురించే. కొడుకు తన గురించి తాను వేసుకునే మొదటి ప్రశ్న కూడా అదే. జాబితాలో పేరు లేకపోతే ఆ ఏళ్లను మొత్తంగా ‘వేస్టయిన’ పద్దు కింద రాసేసుకుంటాడు.

మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించారు. అది ఆయనకు ఐదో ప్రయత్నం. ఆ విజయం గురించి చెప్పుకునేటప్పుడు పట్టుదల అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. దాని పక్కనే ఉన్న మరో సంగతి అంతగా వినిపించదు. ఆ ర్యాంకు వచ్చేనాటికే ఆయన ఐఆర్ఎస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అంటే పరీక్ష ఆయన జీవితంలో ఒక భాగం. ఆయన జీవితం పరీక్షలో భాగం కాదు. ఆ ర్యాంకు రాకపోయినా మర్నాడు వెళ్లడానికి ఆఫీసుంది, చెయ్యడానికి పనుంది. లక్ష్యం వదులుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని ఎక్కడ ఉంచాలో తెలిస్తే చాలు.

ఈ వాయిదా వ్యాపారం ఎంత పెద్దదో చూడాలంటే యమున దాటి నోయిడా, గ్రేటర్ నోయిడా వైపు వెళ్లాలి. నెలనెలా బ్యాంకుకు ఈఎంఐ, ఇంటి యజమానికి అద్దె రెండూ కడుతూ పొజెషన్ లెటర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. ఒక్క ఆమ్రపాలి ప్రాజెక్టుల్లోనే కొనుగోలుదారులు 42 వేల మందికి పైగా. 2019 జూలై 23న సుప్రీంకోర్టు ఆ సంస్థ రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగిలిన నిర్మాణాన్ని ప్రభుత్వ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. అప్పటికి బుకింగ్ నాడు పుట్టిన పిల్లలు బడికి వెళుతున్నారు. పూజగది ఎటువైపు, బాల్కనీలో తులసికోట ఎక్కడ అని గీసుకున్న ప్లాను కాగితాలు పసుపురంగుకు తిరిగాయి. సొంతిల్లు వచ్చాక కొందామని ఆపేసిన డైనింగ్ టేబుల్ కొననే లేదు. దాని చుట్టూ కూర్చోవలసిన పిల్లలు మాత్రం ఆగకుండా పెరిగారు.

ఈ కథలో మోసం ఉంది, దానికి న్యాయస్థానాలున్నాయి. కానీ అదే కథలో గమనించాల్సిన మరొకటి కూడా ఉంది. ఎదురుచూసి విసిగిన కొనుగోలుదారులు సంఘాలు పెట్టుకున్నారు. ఆదివారాలు ప్లకార్డులు పట్టుకున్నారు. దివాలా చట్టం చదివారు. వాళ్ల పోరాటాల నేపథ్యంలో 2018లో ఆ చట్టాన్ని సవరించి ఇల్లు కొన్నవారిని కూడా ఆర్థిక రుణదాతలుగా గుర్తించారు; 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. గోడలు లేవకముందే వాళ్లు ఇరుగుపొరుగయ్యారు. తాళంచెవి రాకముందే ఒకరి కష్టానికి ఒకరు నిలబడ్డారు. పెద్దరికం ఫ్లాటుతోపాటు వస్తుందనుకున్నవాళ్లకు అది ఫ్లాటు లేకుండానే, రోడ్డు మీద, ఎండలో వచ్చింది.

ఇక మూడో రకం, పాతకాపులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరి మూడు దశాబ్దాలు ఇక్కడే గడిపిన తెలుగువాళ్లు. ఇందులో చాలామందికి ఢిల్లీ ఎప్పుడూ ‘టెంపరరీ’యే. అసలు ఊరు గుంటూరో, వరంగల్లో, విజయనగరమో. ఏటా వేసవిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, పచ్చళ్ల జాడీలతో తిరిగి రావడం. 2014 నవంబరులో ఆ బండి పేరు తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా మారేనాటికి వీళ్లలో చాలామంది జుట్టు నెరిసింది. ఎలాగూ వెళ్లిపోయేదే కదా అని క్వార్టర్ వెనక కరివేపాకు మొక్క నాటనివాళ్లున్నారు. నాటినవాళ్లు పాతికేళ్లపాటు వీధి వీధంతటికీ రెబ్బలు పంచారు. 2016లో సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ సహా ఏడు సర్కారీ కాలనీల పునర్నిర్మాణానికి కేంద్రం ఆమోదం తెలిపింది. పాత క్వార్టర్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతుంటే, ‘ఇదే మా ఊరు’ అని తెలుసుకున్నవాళ్లు చాలామంది. తెలుసుకునేసరికి ఊరు లేదు.

మనసు ఇక్కడ లేకపోవడం ఒక్క ఢిల్లీ జబ్బు కాదు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2010లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 2,250 మంది వయోజనుల్ని రోజులో ఏదో ఒక సమయంలో ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా తిరుగుతున్న మనసు ఉన్నచోట ఉన్న మనసుకంటే తక్కువ సంతోషంగా ఉందని కూడా వాళ్లు తేల్చారు. హాయైన ఊహల్లో తిరిగినవాళ్లు సైతం చేస్తున్న పనిలో మునిగినవాళ్లకంటే సంతోషంగా ఏమీ లేరు. రేపటి ఫ్లాటు గురించిన కల కూడా ఇవాళ్టి అద్దెఇంట్లో తాగే కాఫీకంటే ఎక్కువ రుచి ఇవ్వదన్నమాట.

ఈ పాఠం అమెరికా నుంచి రానక్కర్లేదు. వర్తమానంలో ఎరుకతో ఉండటం గురించి బౌద్ధంలో ముఖ్యమైన బోధగా చెప్పుకునే సతిపట్ఠాన సుత్తాన్ని బుద్ధుడు చెప్పింది కురుదేశంలోనని పాళీ గ్రంథాలు చెబుతున్నాయి. కురుదేశమంటే నేటి ఢిల్లీ, హర్యానా, మీరట్ ప్రాంతం. ఇప్పటి పరిభాషలో ఇంచుమించు ఎన్‌సీఆర్. నడుస్తున్నప్పుడు నడకను, తింటున్నప్పుడు తిండిని, పీల్చేటప్పుడు శ్వాసను గమనించడమనే సాధనను ఈ నేలమీదే బోధించారు. ‘మైండ్‌ఫుల్‌నెస్’ అనే కొత్త పేరుతో గుర్గావ్ ఆఫీసులు ఇప్పుడు దాన్ని వర్క్‌షాపులుగా కొనుక్కుంటున్నాయి. ఊళ్లోని సరుకు విదేశం వెళ్లి ప్యాకింగ్ మార్చుకుని తిరిగొచ్చినట్టుంది.

ఇంతకీ ఎదిగినందుకు దక్కే ఫలాలేమిటి? కారు, ఇల్లు, హోదా వాటి గుర్తులు మాత్రమే. అసలు ఫలాలు చాలా మామూలుగా కనిపిస్తాయి. తన సమయాన్ని తాను ఖర్చు పెట్టుకోవడం. ఇష్టం లేనిదానికి వద్దని చెప్పగలగడం, చెప్పాక సంజాయిషీ ఇవ్వకపోవడం. మార్కులు వేసేవాళ్లు లేకుండా ఏదైనా నేర్చుకోవడం. రక్తసంబంధం వల్ల కాక ఎంచుకున్నందువల్ల కొందరిని తనవాళ్లనుకోవడం. ఒకరికి ఆసరా కావడం. చిన్నప్పుడు తనను నడిపించిన తండ్రికి మెట్రో ఎస్కలేటర్ దగ్గర చెయ్యందించడం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకురాలు లారా కార్స్‌టెన్సెన్ దశాబ్దాల అధ్యయనం కూడా ఈ దారిలోనే సాగింది. ముందున్న కాలానికి హద్దుందని తెలిసేకొద్దీ మనుషులు పరిచయాల సంఖ్య తగ్గించుకుని, ముఖ్యమైన బంధాల మీద మనసు పెడతారన్నది ఆమె సిద్ధాంతం. మెల్లమెల్లగా ఏరుకోవడం తెలుస్తుంది. వయసు చేసే మేలు ఇది.

ఈ ఫలాల్ని ఎవరి అనుమతీ లేకుండా అందుకున్న తెలుగు మనిషి పేరు ఢిల్లీ మెట్రో ప్రయాణికులకు రోజూ వినిపిస్తుంది. పింక్ లైన్‌లో ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’ స్టేషన్ 2018 మార్చిలో మొదలైంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. అంటే పెద్దరికం ఆమెకు ఇతరులు నిర్ణయించిన తేదీన, అడగకుండానే వచ్చి పడింది. పదిహేనేళ్లు వచ్చాక ఆ కాపురం తనకొద్దని ఆమె తేల్చి చెప్పింది. అంతకుముందే, 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన వాలంటీరుగా, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపేసింది. అప్పుడామెకు పద్నాలుగేళ్లు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చాక, తోటివాళ్లు చదువులు ముగించే వయసులో, ఆమె మెట్రిక్యులేషన్‌కు కూర్చుంది. బెనారస్ నుంచి మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ, మద్రాసులో లా. చదువయ్యేదాకా మిగతా పనులు ఆగాలనుకోలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. రాజ్యాంగ సభకు వచ్చి ఢిల్లీలో అడుగుపెట్టాక ‘ఇక్కడ తాత్కాలికం కదా’ అని ఊరుకోలేదు. వలస వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లల కోసం 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి పునాది వేసింది. ఆ పాఠశాలలు ఇప్పటికీ రాజధానిలో తెలుగువాళ్లకు ఒక చిరునామా. 1953లో, 43వ ఏట, అప్పటి ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను పెళ్లాడింది. ఈసారి తేదీ ఆమే నిర్ణయించుకుంది. ఎనిమిదేళ్ల పెళ్లికూతురికీ నలభై మూడేళ్ల పెళ్లికూతురికీ మధ్యనున్న తేడాయే పెద్దరికం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. దుర్గాబాయిలు కొందరే ఉంటారు. ఈఎంఐ, స్కూలు ఫీజు, తల్లిదండ్రుల మందుల బిల్లు నెత్తిమీదున్న సామాన్యుడు వర్తమానంలో బతకమంటే ఎలా బతుకుతాడు? న్యాయమైన ప్రశ్నే. అద్దె కట్టలేక వాయిదా వేసేవాడికీ, అన్నీ అమరినా అలవాటుగా వాయిదా వేసేవాడికీ ఒకే సలహా ఇవ్వడం అన్యాయం. పైగా వర్తమానంలో బతకడానికి మార్కెట్ తనకు తోచిన అర్థం చెబుతోంది. ఇవాళే కొను, తర్వాత కట్టు అంటుంది. క్రెడిట్ కార్డు మీద బతికే మనిషి ఇవాళ్టి రోజునేమీ అనుభవించడం లేదు. రేపటిని ఇవాళే తాకట్టు పెడుతున్నాడు. అదీ వాయిదాయే, కాకపోతే తలకిందులుగా.

నిజంగా వర్తమానంలో ఉండే పనులకు ఈ నగరంలో పెద్దగా ఖర్చులేదు. జనవరిలో మంచు విడిచాక వచ్చే మధ్యాహ్నపు ఎండ ఉచితం. ఆ ఎండలో గడ్డి మీద చాప పరుచుకుని, వేరుశెనగ కాయలు ఒలుచుకుంటూ, నారింజ తొనలు పంచుకుంటూ గంటలకొద్దీ కూర్చోవడం ఢిల్లీవాసులకు తరాలుగా వచ్చిన విద్య. 1936లో లేడీ విల్లింగ్డన్ పార్కుగా మొదలైన లోదీ గార్డెన్ ఇప్పుడు అందరిదీ. అక్కడ 1517లో మరణించిన సికందర్ లోదీ సమాధి పక్కన పిల్లలు బంతాట ఆడుకుంటారు. రేపటి గురించి అతిగా ఆలోచించేవాళ్లకు ఆ దృశ్యమే చాలినంత వేదాంతం. వారానికి ఆరు రోజులు డెడ్‌లైన్ల మధ్య నలిగే ఉద్యోగి ఆదివారం అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్ క్యాంటీన్ ముందు క్యూలో నిలబడి, పప్పూ నెయ్యీ కలుపుకున్న మొదటి ముద్ద దగ్గర ఫోన్ జేబులో పెట్టేస్తే, ఆ అరగంట అతనిదే.

అయితే ఎండ ఎంత ఉచితమో నవంబరు గాలి అంత విషం. వర్తమానంలో బతకడమంటే అందమైనవాటినే చూడటం కాదు. ఈ ‘తర్వాత’ జబ్బువల్ల అసలైన నష్టం ఇక్కడే కనిపిస్తుంది. తాను తాత్కాలికమనుకునే మనిషి దేన్నీ అడగడు. ఒక్క ఏడాదే కదా అని కిటికీ లేని గదికి అద్దె కడతాడు. ఎలాగూ వెళ్లిపోతాం కదా అని గాలి గురించి, నీటి గురించి, వీధి గురించి నోరు విప్పడు. 2024 జూలై 27న పాత రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీలోకి వాననీరు దూసుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. తప్పు వాళ్లది కాదు. సెల్లార్‌లో లైబ్రరీ నడవనిచ్చిన వ్యవస్థది. ఆ తర్వాత రోజుల తరబడి రోడ్డు మీద బైఠాయించిన వందలాది విద్యార్థులు అడిగింది ర్యాంకు కాదు. ఇవాళ క్షేమంగా కూర్చుని చదువుకునే చోటు. రేపటి అధికారులు కావాలనుకున్నవాళ్లు ఆ వారం ఇవాళ్టి పౌరులయ్యారు.

నోయిడా కొనుగోలుదారులైనా, రాజిందర్ నగర్ విద్యార్థులైనా చూపించింది ఒకటే. ఉన్నచోటును తనదనుకున్న క్షణం నుంచే మనిషి పెద్దవాడవుతాడు. తనదనుకుంటే దానిలోని ఎండనూ అనుభవిస్తాడు, దానిలోని పొగనూ నిలదీస్తాడు. ఆ రెండూ ఒకే హక్కుకు రెండు వైపులు. అద్దెఇంటి గోడకు మేకు కొట్టి అమ్మానాన్నల ఫోటో తగిలించడం, పై ఫ్లోరు పెద్దాయన పేరు తెలుసుకోవడం, ఆర్‌డబ్ల్యుఏ సమావేశానికి వెళ్లి వాదించడం, ర్యాంకు రాకముందే చెల్లెలి పెళ్లికి వెళ్లి రెండు రోజులుండటం... ఇవేవీ లక్ష్యానికి అడ్డుపడవు. లక్ష్యం చేరినా, చేరకపోయినా వీటిని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

రిజల్ట్ తేదీ ధోల్‌పూర్ హౌస్ నిర్ణయిస్తుంది. తాళంచెవి తేదీ బిల్డరో, కోర్టో నిర్ణయిస్తుంది. రిటైర్మెంట్ తేదీ సర్వీసు నిబంధనలు నిర్ణయిస్తాయి. ఇవాళ సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి బయటపడి ఏం చెయ్యాలన్నది మాత్రం ఇంకా ఎవరూ నిర్ణయించలేదు. చిన్నప్పుడు ‘పెద్దయ్యాక నా ఇష్టం’ అన్నది సరిగ్గా ఇలాంటి సాయంత్రం గురించే.